టైరుపై త్రిపదికి టీకా తాత్పర్యం

మూలం

పంచర్లు వేయబడును
గాలి పట్టబడును
అరువు రేపు

అవతారిక: చింతకొమ్మకు వేలాడు లారీ టైరుపై తెల్ల పెయింటుతో వెలసిన ఈ త్రిపదిని, మిట్టమధ్యాహ్నం బండి తోసుకొచ్చిన వ్యాఖ్యాత దర్శించెను. కవి భోజనానికి పోయి ఉండుటచే టీకకు తీరిక చిక్కెను.

ప్రతిపదార్థం: పంచర్లు = చిల్లులు; వేయబడును = పూడ్చబడును. వేయుట పూడ్చుట ఎట్లగును? దారిలో మేకులు వేయువాడూ తానే గనుక యథార్థమేనని గిట్టనివారందురు. అది గ్రాహ్యం కాదు, లోకరూఢియే ప్రమాణం.

గాలి = వాయువు; పట్టబడును = బంధింపబడి, పిమ్మట ఎక్కింపబడును. 'కొట్టబడును' అని పక్క ఊరి టైరుపై పాఠాంతరం. అది చేతిపంపు నాటి పాఠం. పంపుగాలి కొట్టిన వెంటనే ట్యూబులోకి పోవును. కంప్రెసరు ముందుగా టాంకీలో పట్టి ఉంచి, అడిగినవారికి ఇచ్చును. కనుక 'పట్ట'యే సాధువు.

పట్టు విధం: మోటారు బెల్టును తిప్పగా పిస్టను కిందికి దిగును. సిలిండరులో చోటు పెరిగి ఒత్తిడి తగ్గగా, బయటి గాలి వాల్వు తోసుకొని చొరబడును. పిస్టను లేవగా ఆ వాల్వు మూసుకొనును; ఇరుకున పడిన గాలి రెండో వాల్వు గుండా టాంకీకి పారును. చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపని 1662లో రాబర్ట్ బాయిల్ వెల్లడించెను. అయితే వేడి మారరాదు. ఇక్కడ మారును. సిలిండరు చుట్టూ రెక్కలు చల్లార్చుటకే. వ్యాఖ్యాత వేలు ఇందుకు సాక్షి.

శంక: ఇట్లు నింపుకుంటూ పోతే టాంకీ పగలదా?

సమాధానం: ప్రెషర్ స్విచ్ కలదు. దానిని 120 పీఎస్‌ఐ వద్ద మోటారు ఆపునట్లు, 90కి దిగినప్పుడు మళ్ళీ నడుపునట్లు అమర్చిరనుకొందము. 119కే ఏల నడపరాదు? అట్లయిన టైరు టైరుకూ మోటారు లేచి పడి, కాలిపోవును. ఆ 30 దాని విశ్రాంతి. స్విచ్చే మొరాయించినచో సేఫ్టీ వాల్వు తెరుచుకొని గాలిని వదలును.

విశేషం: మోటారు ఆగగానే 'తుస్సు'మనును. పామరులు లీకందురు. కాదు. గొట్టంలో చిక్కిన గాలిని అన్‌లోడర్ వదిలివేయును; లేనిచో మోటారు మరుసటిమారు ఆ బరువుకెదురు తిరగలేక మూలుగును. టాంకీ గాలి మాత్రం పోదు. చెక్ వాల్వు లోనికే గాని వెనక్కి దారి ఇవ్వదు. మూడవ పాదానికి మూలం ఈ వాల్వే. కవి గల్లాపెట్టెకూ ఇదే అమరిక.

తాత్పర్యం: గాలిని ఎవరైనా పట్టవచ్చును. 120 వద్ద చాలుననుకొని, 90 దాకా ఓర్చుకొనుట ఈ ఇనుపపీపాకే తెలియును.

ఉపసంహారం: కవి వచ్చెను. టాంకీ అడుగు కుళాయి తిప్పి, గాలిలోని తేమ పేరుకొన్న తుప్పునీళ్ళు వదిలెను. చిల్లు వేసి, మీటరు చూచి, వెనక టైరుకు 32 పట్టి ఆపెను. "ఇంకొంచెం పట్టరాదా?" అనెను వ్యాఖ్యాత. "చాలు సార్, పగుల్తది" అనెను కవి.

వ్యాఖ్యాత జేబు తడుముకొని, పర్సు ఇంట మరచితినని విన్నవించెను. కవి మారుపలుకక మూడవ పాదం చూపెను.