పగిలితే పగలనివ్వండి

పిల్లాడు గాజు గ్లాసు పగలగొట్టాడా? రేపు వాడి చేతికి మళ్ళీ గాజు గ్లాసే ఇవ్వండి. గోడంతా గీతలు గీశాడా? పెన్సిల్ లాక్కోకండి, వాడికో గోడ కేటాయించండి. షోకేసు తలుపు లాగుతున్నాడా? అయితే షోకేసు ఖాళీ చేయండి. బడంగ్‌పేట్‌లో మా గల్లీ పెద్దమ్మలకు ఈ సలహాలు మింగుడుపడవు. "పిల్లల్ని చెడగొట్టే మాటలు చెప్తున్నవ్" అంటారు. అయినా చెప్తాను. ఇల్లు పీకి పందిరేసే పిల్లలతో వేగే తల్లులకు ఇన్నాళ్ళూ అందిన సలహాలన్నీ ఆ పిల్లల చేతుల్ని కట్టేసేవే. ఆ చేతులకు కావలసింది పని.

1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్లేస్కూళ్ళ బోర్డుల మీద ఆవిడ పేరు చూస్తూనే ఉంటాం. ఆ మొదటి బడి ఎందుకు పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. అది కూలినాలి చేసుకునేవాళ్ళ పేట. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే, ఇంకా బడి ఈడు రాని పిల్లలు కొత్తగా బాగుచేసిన ఇళ్ళలో పడి మెట్లూ గోడలూ పాడుచేసేవాళ్ళు. ఆ ఇళ్ళను బాగుచేయించిన సంస్థే, నష్టం చూడలేక, ఈ పిల్లల్ని పట్టి ఒకచోట ఉంచే ఏర్పాటు చేయమని మాంటిస్సోరిని పిలిచింది. ఇవాళ లోకమంతా పాకిన ఆ చదువుకు మొదటి విద్యార్థులు గోడలు పాడుచేసిన పిల్లలే.

ఆవిడ వాళ్ళను అదుపులో పెట్టడానికి బెత్తం పట్టలేదు. జగ్గులోంచి నీళ్ళు వంచడం, బల్ల తుడవడం, గుండీలు పెట్టుకోవడం, వడ్డించడం, ఇలాంటి నిజమైన పనులు చేతికిచ్చింది. గాజువీ పింగాణీవీ ఇచ్చింది. పగిలేదాన్ని పట్టుకుంటేనే చేతికి జాగ్రత్త వస్తుంది, కింద పడినా ఏమీ కాని ప్లాస్టిక్ గిన్నె ఆ చేతికి నేర్పేదేమీ లేదు. 1939లో ఆవిడ మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయి ఎంతోమంది టీచర్లకు తర్ఫీదు ఇచ్చింది. అంటే ఈ పద్ధతి మన ఎండల్లో, మన వంటిళ్ళ మధ్య కూడా నలిగినదే.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఒకప్పుడు పంచాయతీగా ఉన్న బడంగ్‌పేట్ 2019లో కార్పొరేషన్ అయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో రెండంతస్తులు లేచాయి, ఒక్కో అంతస్తులో రెండేసి కిరాయి పోర్షన్లు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చాక అమీర్‌పేట దాకా వెళ్ళి ఉద్యోగం చేసుకునే జంటలు ఇటువైపు ఇంకా పెరిగాయి. ఇళ్ళు వచ్చినంత వేగంగా ఆడుకునే జాగాలు రాలేదు. గేటు బయట టిప్పర్లు, గేటు లోపల రెండు గదులు, మోకాళ్ళ నొప్పుల నానమ్మ. ఆ రెండు గదుల్లో మూడేళ్ళ పిల్లాడు ఏ కొత్త వస్తువును పట్టుకున్నా అది మనం వాడుకునేదే అయి ఉంటుంది. వాడు అల్లరివాడని తీర్పు చెప్పేముందు, పొద్దుటినుంచీ వాడికి చేయడానికి ఏం దొరికిందో ఒక్కసారి లెక్క చూడండి.

కాబట్టి మొదట వంటింట్లోకి రానివ్వండి. కింది అర ఖాళీ చేసి వాడికివ్వండి. అందులో ఒక చిన్న సర్వ, గంటె, జల్లెడ, చాట, మూతలున్న డబ్బాలు పెట్టండి. దిల్‌సుఖ్‌నగర్‌లో బొమ్మల దుకాణానికి పోయేముందు స్టీలు సామాన్ల దుకాణానికి పొండి. రెండేళ్ళవాడు సంచిలోని ఆలుగడ్డలు ఒక్కొక్కటే తీసి బుట్టలో వేస్తాడు, మళ్ళీ సంచిలో వేస్తాడు, మళ్ళీ తీస్తాడు. ఆపకండి, అలా మళ్ళీ మళ్ళీ చేయడమే వాడి చదువు. మూడేళ్ళకు ఉడికిన గుడ్డు పెంకు తీయగలడు, ఎల్లిగడ్డ రెబ్బలు విడదీయగలడు, చిక్కుడుకాయల ఈనెలు లాగగలడు. నాలుగేళ్ళకు మొద్దు కత్తితో అరటిపండు కోయగలడు. అయిదేళ్ళకు చపాతీ పిండి ముద్ద ఇస్తే ఆఫ్రికా ఖండం ఆకారంలో ఒత్తి ఇస్తాడు, దాన్నే కాల్చి వాడి కంచంలో వేయండి. బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు వేరుచేసే పని పిల్లలదే కావాలి. సంక్రాంతికి సకినాలు చుడుతున్నప్పుడు వాళ్ళను గది బయటకు గెంటడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఏడాదిలో ఇంట్లో వేళ్ళకు అంత మంచి పని దొరికే రోజు ఇంకొకటి లేదు. నూనె పొయ్యి దూరంగా పెట్టుకోండి, పిండి వాళ్ళకివ్వండి.

దీనివల్ల మీ పని తగ్గదు. మొదటి కొన్ని నెలలు రెట్టింపు అవుతుంది, నేల మీద పిండి, బట్టల మీద నీళ్ళు. అందుకే రెండో సలహా: తుడిచే గుడ్డ వాడి ఎత్తుకు అందే కొక్కేనికి తగిలించండి. నీళ్ళు ఒలికితే "ఏం చేసినవ్ చూడు" అనే మాట బదులు "గుడ్డ తెచ్చుకో నాన్నా" అనండి. సారీ చెప్పించకండి. సారీ నోటితో అయిపోతుంది, బాగుచేయడం చేతితో చేయాలి. చింపిన పుస్తకానికి మీరు పట్టుకుంటే వాడు టేపు అతికించాలి. గాజు పెంకులు మాత్రం మీరే ఏరండి, చేట వాడు పట్టుకుంటాడు. తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన తెత్సుకో కురొయనాగి పుస్తకం చదివినవాళ్ళకు ఒక ఘట్టం గుర్తుండే ఉంటుంది. మరుగుదొడ్డి గుంతలో పడిన తన పర్సు కోసం ఆ చిన్నపిల్ల లోపలిదంతా గరిటెతో తోడి పక్కన కుప్ప పోస్తుంటే, అటుగా వచ్చిన హెడ్మాస్టరు కొబయాషి తిట్టలేదు. పని అయ్యాక అదంతా మళ్ళీ లోపల వేసేస్తావు కదా అని అడిగి తన దారిన తాను పోయాడు. ఆ పిల్ల వేసేసింది కూడా. పిల్లల పెంపకం మీద నేను చదివినవాటిలో ఇంతకు మించిన సలహా లేదు.

గోడల గొడవకు మన ఊళ్ళోనే మందుంది. పుట్టినరోజులకూ ఎన్నికలకూ కట్టిన పాత ఫ్లెక్సీలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. ఒకటి అడిగి తెచ్చి, కడిగి, తెల్లటి వెనకవైపు పైకి వచ్చేలా నేల నుంచి పిల్లాడి తల ఎత్తు దాకా, అంటే మూడడుగుల వరకు, గోడకు కొట్టండి. కిరాయి ఇంట్లో ఓనరుతో లొల్లి కూడా ఉండదు. బొగ్గు, సుద్ద, క్రేయాన్లు ఇచ్చి, గీసుకోవడానికి చోటు ఇదీ అని ఒకసారి చూపించండి. పక్క గోడ మీద గీస్తే కేకలు వేయకుండా చేయి పట్టి ఫ్లెక్సీ దగ్గరికి తీసుకుపొండి. పది రోజులు పట్టొచ్చు, ఇరవై పట్టొచ్చు.

విప్పే పిల్లలుంటారు. వాళ్ళు నాకు ప్రాణం. పాడైపోయిన గోడ గడియారం, తాళంకప్ప, వైరు కత్తిరించేసిన పాత మిక్సీ, రెండు స్క్రూడ్రైవర్లు ఇచ్చి ఒక చాప పరిచి కూర్చోబెట్టండి. కబాడీవాడికి వేసేముందు ప్రతి వస్తువూ ఒక వారం వాళ్ళ చేతిలో ఉండాలి. పాత పెద్ద టీవీ, మైక్రోవేవ్ ఓవెన్ మాత్రం ఎప్పుడూ ఇవ్వకండి. కరెంటు తీసేసినా వాటి లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టే విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఇంత వదిలేయమంటున్నది ఒక్క కారణంతోనే. "వద్దు" అనే మాట దాచుకోవాలి. పొద్దుటినుంచీ రాత్రిదాకా రిమోట్ వద్దు, నీళ్ళు వద్దు, మట్టి వద్దు అని వినే పిల్లాడికి సంపు దగ్గర మీరు అరిచిన "వద్దు" కూడా ఆ వరసలో ఇంకొకటి, అంతే. నిజంగా ప్రాణం మీదికి వచ్చే చోట్ల కోసం ఆ మాటను దాచి ఉంచండి.

మన వైపు ఆ చోట్లలో మొదటిది సంపు. టాంకరు వస్తుంది, మూత తీసి పైపు వేస్తాం, డ్రైవరుతో మాటల్లో పడతాం. మూతకు తాళం ఉండాలి, మూత తీసి ఉన్నంతసేపూ ఒక మనిషి అక్కణ్నుంచి కదలకూడదు. పక్కన కడుతున్న ఇంటి పిల్లర్ గుంతల్లో వాన నీళ్ళు నిలుస్తాయి. ఇసుక కుప్ప మీద ఆడనివ్వండి, మేస్త్రీని ఒక మాట అడిగి. గుంతల మీద రేకులు వేసిందీ లేనిదీ మాత్రం మీరే వెళ్ళి చూసుకోండి. బాత్రూంలో నిండు బకెట్టు వదలకండి. ఏడాది, రెండేళ్ళ పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ కాబట్టి తొంగిచూస్తూ లోపలికి పడితే లేవలేరు, జానెడు నీళ్ళు కూడా చాలు. ఫినాయిలూ యాసిడూ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టడం ఇవాళే ఆపేయండి. తాగాడని తెలిస్తే వాంతి చేయించకుండా ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బీరువా, టీవీ స్టాండు గోడకు క్లాంపులతో బిగించండి, వాటి సొరుగులు పిల్లలకు మెట్లు. డాబా పిట్టగోడ పక్కన కుర్చీ, ఖాళీ డ్రమ్ము ఉంచకండి.

చిన్న రిమోట్లలో, లైట్లు వెలిగే బొమ్మల్లో ఉండే బొత్తాంలాంటి గుండ్రటి బ్యాటరీల గురించి విడిగా చెప్పాలి. అది ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగాడన్న అనుమానం వచ్చినా చాలు, పొద్దున చూద్దాం అనకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే పొండి. బండి లేకపోతే 108.

కొట్టే విషయం ఇక్కడే ఎత్తుతున్నాను, ఎందుకంటే దీనితో ముడిపడి ఉంది. దెబ్బలకు భయపడే పిల్లాడు బ్యాటరీ మింగినా చెప్పడు, సీసాలోది తాగినా చెప్పడు, మంచం కింద దాక్కుంటాడు. చేసింది చేసినట్టు పరుగెత్తుకొచ్చి చెప్పే అలవాటు ఇంట్లో ఏ తాళం కన్నా పెద్ద రక్షణ. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాసి, పిల్లల్ని కొట్టకండి, భయపెట్టకండి, స్వేచ్ఛగా పెరగనివ్వండి అని ఎప్పుడో మొత్తుకున్నాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దెబ్బలనూ మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ సెక్షన్ మన ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించి, ఆ పని చేసిన మొదటి దేశమైంది. మనం చట్టం కోసం ఆగనక్కరలేదు. పోతన భాగవతం వింటూ మురిసిపోతాం కదా, కుండలు పగలగొట్టిన కృష్ణుణ్ని యశోద రోటికి కట్టేస్తే ఏమైంది? అంతవరకు కుండలే పోయాయి, కట్టేశాక రెండు మద్దిచెట్లు కూలాయి. పుస్తకంలో బుడుగు అల్లరి చేస్తే నవ్వే మనం, ఇంట్లో బుడుగును అదే పనికి వీపు చిట్లగొట్టడం న్యాయం కాదు.

నానమ్మలూ, మీకూ ఒక మాట. పిల్లాడు కింద పడితే నేలను కొట్టి "కొట్టేసినా నాన్నా, కొట్టేసినా" అని ఊరడిస్తారు. ప్రేమతోనే చేస్తారు, తెలుసు. కానీ నొప్పి కలిగితే ఎవరో ఒకర్ని కొట్టాలని వాడికి మొదట నేర్పుతున్నది అదే. రేపు వాడు చెల్లెల్ని కొడితే ఎక్కడ నేర్చాడని వెతకొద్దు. బూచోడు వస్తాడు, డాక్టరు సూది వేస్తాడు అనే బెదిరింపులు కూడా మానండి. నిజంగా సూది వేయించాల్సిన రోజు వాణ్ని ఎత్తుకుని పోవాల్సింది మీరే. వాడు వింటుండగా పక్కింటావిడతో "మావోడు రౌడీ" అనకండి. కుదురుగా కూర్చోవాలని ఫోను చేతిలో పెట్టే కోడళ్ళకూ ఇదే చెప్తాను, కుదురుగా కూర్చున్న ఆ గంట వాడి చేతులు ఖాళీగా ఉన్న గంట.

ఒక జాగ్రత్త. పని ఇచ్చినా, తోడు ఉన్నా, పిలిస్తే పలకని, కళ్ళలోకి చూడని, వయసుకు తగ్గ మాటలు రాని, తననే గాయపరచుకునే పిల్లలుంటారు. అది అల్లరి కాదు. ఎవరి తప్పూ కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, ఇలాంటి పిల్లల్ని పరీక్షించి తల్లిదండ్రులకు దారి చూపిస్తుంది. పెద్దయితే సర్దుకుంటుందిలే అనే చుట్టాల మాట పట్టుకుని ఏళ్ళు పోగొట్టుకోకండి.

చుట్టాలింటికి పోవాల్సి వస్తే బిస్కెట్లతో పాటు వాడి సంచి సర్దండి. ఒక తాళంకప్ప, నాలుగు తాళంచెవులు, పెద్ద నట్లు బోల్టులు అర డజను, బట్టలు ఆరేసే క్లిప్పులు, ఒక ఖాళీ డబ్బా. అక్కడికి చేరగానే అత్తయ్య షోకేసుకు దూరంగా చాప వేయమని అడిగి, ముందు మీరు వాడితో అయిదు నిమిషాలు కూర్చుని, తర్వాత లేచి పెద్దవాళ్ళ కబుర్లలోకి వెళ్ళండి.