ఓటీపీ వచ్చిందా పటేలా?

రైతంటే పొలం దున్నేవాడని చిన్నప్పుడు పుస్తకంలో చదివిన పాపానికి చాలాకాలం అలాగే నమ్మాను. ఈమధ్యే జ్ఞానోదయమైంది. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో వాడే రైతు.

మా ఊళ్లో ఐదెకరాలు కౌలుకు పట్టి పత్తి వేసినాయన ఉన్నాడు. విత్తనం ఆయనది, అప్పు ఆయనది. పత్తి ఎప్పుడు ఏరాలో చెప్పేది, కూలీలను పిలుచుకొచ్చేది ఆయన భార్య. పట్టా మాత్రం హైదరాబాదులో ఉండే ఆసామిది. చేలో గులాబీ పురుగు పడిన సంగతి ఆసామికి తెలియదు. రైతు భరోసా పడితే మాత్రం ఫోను టింగుమంటుంది. సీజనుకు ఎకరానికి 6,000 రూపాయలు, పట్టా ఉన్నవాళ్లకే. కౌలు కట్టేవాడికి ఆ టింగు కూడా వినపడదు.

ఇప్పుడు మద్దతు ధరకు పత్తి అమ్మాలన్నా యాపే. ముందు స్లాటు పట్టుకోవాలి, తర్వాతే మిల్లుకు బండి కట్టాలి. మిల్లు ముందు బండ్ల బారు తగ్గుతుందన్నారు, కాదనను. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే వాపసు. స్లాటు తేదీ యాప్ చెబుతుంది. మంచు కురిసే తేదీని ఇంకా యాప్‌కు అప్పగించలేదు గనక అది సరిగ్గా ఆ రాత్రే కురుస్తుంది.

మనవాడిది బటన్ల ఫోను. జిరాక్సు దుకాణం పిల్లగాడికి యాభై ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆధార్ ఎక్కింది, సర్వే నంబరు ఎక్కింది. ఓటీపీ మాత్రం పట్నంలో ఆసామి ఫోనుకు పోయింది.

"పటేలా, దండాలు. ఓటీపీ అనేదొకటి వచ్చిందా?"

"మీటింగుల ఉన్న, మల్ల చెయ్యి."

మళ్లీ చేసేసరికి దాని ఆయుష్షు తీరింది. మూడోసారికి ఆసామికి అనుమానమొచ్చింది. "ఖాతాలు ఖాళీ చేసేటోళ్లు గిట్లనే అడుగుతరట" అని పెట్టేశాడు. సైబర్ మోసాల మీద ప్రభుత్వ ప్రచారం ఇంత చక్కగా పనిచేయడం నేనెక్కడా చూడలేదు.

ఆ సాయంత్రం పత్తి మందుల దుకాణం సేటు కాంటా ఎక్కింది. సేటుకు యాప్ లేదు, ఎర్ర అట్ట పుస్తకం ఉంది. ఎవరి బోరు ఎండింది, ఎవరి బిడ్డ పెళ్లి ఎప్పుడు, ఎవరి బాకీ ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఏ విత్తనం పెట్టాలో, ఏ మందు కొట్టాలో, పంట ఎవరికి అమ్మాలో తేల్చేదీ అదే. ఫోను ఎంత మంచి సలహా ఇచ్చినా ఉద్దెర ఇవ్వదు కదా. ఆ ఉద్దెర ఇచ్చేవాడి మాటే ఊళ్లో శాస్త్రం.

సాంకేతికతను తిడుతున్నానని అనుకోకండి. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో చెప్పాయి. ఎలా? డొక్కు ఫోనుకు తెలుగులో మెసేజి పంపి. దిగుబడి 30 శాతం పెరిగిందని లెక్క తేల్చారు. అంత చిన్న పనికి పేరు రాదనుకున్నారో ఏమో, 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు పచ్చజెండా ఊపింది. పదకొండు కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్యలట. తెలంగాణలో ఆ సంఖ్య కావాలంటే ముందు పట్టాదారు పాసుపుస్తకం చూపించాలి. మనవాడి దగ్గర ఉన్నది కౌలు ఒప్పందం. అదీ నోటిమాటే.

అయ్యలారా, ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు కార్డులిచ్చే చట్టం 2011లోనే వచ్చింది. దానికి శాటిలైటు అక్కర్లేదు, ఊళ్లోకొచ్చి ఈ చేను చేస్తున్నదెవరని అడిగి రాసుకుంటే చాలు. కొత్త యాప్ తెచ్చేముందు ఆ కార్డులు ఇప్పించండి.