ఫోకస్ గ్రూప్ గారికి కుకునూరుపల్లి నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఫోకస్ గ్రూప్ గారి సముఖమునకు,

సిద్దిపేట జిల్లా కుకునూరుపల్లి నుంచి రాయునది.

రాజీవ్ రహదారి మీదుగా మీరు మా ఊరికి వచ్చినప్పుడల్లా మనుషులను కూర్చింది నేనే. పన్నెండేళ్ల పరిచయం మనది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీకు ఎనిమిది మంది కావాలంటే పది మందికి చెప్పి ఉంచాను, ఇద్దరు రాకపోయినా మీ పని ఆగొద్దని. ఎలాంటివాళ్లను పిలవాలో రాసిన మీ స్క్రీనర్ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. గత ఆరు నెలల్లో ఇలాంటి చర్చలో కూర్చున్నవాళ్లు వద్దంటే, సొంత చుట్టాలనైనా వెనక్కి పంపాను. అత్త ముందు కోడలు నోరు విప్పదని ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో పిలిచాను. నాట్లప్పుడు రావద్దని చెప్పింది నేను. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు పెట్టుకోవద్దు, జనమంతా కొమురవెల్లి మల్లన్న దగ్గర ఉంటారని చెప్పిందీ నేనే. మీ ప్రశ్నల్లోని పుస్తకాల తెలుగును మా ఊరి మాటలోకి మార్చడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నానో మీకు తెలుసు.

ఇదంతా మీ పుట్టుక మీద గౌరవంతో చేశాను. 1941లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు జనానికి రేడియో కార్యక్రమం వినిపించి, నచ్చితే పచ్చ బటన్, నచ్చకపోతే ఎర్ర బటన్ నొక్కమన్నారట. ఆ పరిశోధన పాల్ లాజర్స్‌ఫెల్డ్‌ది. ఆయన పిలిస్తే చూడడానికి వచ్చిన సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్‌కు బటన్ల లెక్క చాలలేదు. ఏ మాట దగ్గర ఎర్ర బటన్ నొక్కారో పట్టుకుని, ఎందుకు నొక్కారని అడగాలన్నాడు. ఆ ఆలోచనే 1946లో వ్యాసమైంది, తర్వాత మీరయ్యారు. ‘ఎందుకు’ అని అడగడానికి పుట్టినవారు మీరు. మా ఊళ్లో ఆ మాటే మరిచిపోయారు.

పోయినసారి పశువుల దాణా గురించి అడగడానికి వచ్చారు. ‘ఇంట్లో నిర్ణయం తీసుకునేవారు’ కావాలని కాగితంలో రాసి, మగవాళ్లనే పిలిపించారు. బర్రెకు కుడితి పెట్టేది, చొప్ప వేసేది, ఈ పూట ఎందుకు చేపలేదో కనిపెట్టేది ఆడవాళ్లు. ఎనిమిది మంది మగవాళ్లు రెండు గంటలు బస్తా ధర మాట్లాడి వెళ్లారు. చాయ్ గ్లాసులు తీయడానికి వచ్చిన ఒకామె నన్ను పక్కకు పిలిచి అడిగింది: “దాణా వేసేది నేనైతే ఆయన్నెందుకు పిలిచిండ్రు? కొత్త దాణాకు బర్రె రెండు రోజులు మూతి పెట్టదు. కుడితిల కొంచెం కొంచెం కలిపి అలవాటు చెయ్యాలె. ఆ ముచ్చట ఎవరన్న చెప్పిండ్రా?” ఎవరూ చెప్పలేదు. మీరు వచ్చింది ఆ ముచ్చట కోసమే కదా! అది లేకుండానే కారెక్కారు.

తర్వాత మీ రిపోర్టులో ‘75 శాతం రైతులకు ధరే ముఖ్యం’ అని రాసుంది. ఎనిమిది మందిలో ఆరుగురికి శాతం కట్టారు! ఎంతమంది అన్నది తేల్చడానికి సర్వేలున్నాయి. మీరు చెప్పాల్సింది ఎలా అనుకుంటున్నారు, ఏ మాట దగ్గర తడబడ్డారు, ఎవరి మాట విని మనసు మార్చుకున్నారు అన్నది.

ఆ సంగతి మీరు చెప్పలేనివారైతే నాకింత బాధ ఉండేది కాదు. 1985లో కోకాకోలా రుచి మార్చేముందు దాదాపు రెండు లక్షల మందికి తాగించి చూశారు, ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. మీ గదుల్లో మాత్రం కొద్దిమంది పాతది తీసేస్తారా అని మండిపడ్డారు, వాళ్లను చూసి పక్కవాళ్లూ తిరగబడ్డారు. కంపెనీ దాన్ని పట్టించుకోలేదు. 79 రోజులకు పాత కోక్ మళ్లీ వచ్చింది. ఒకరి మాట పదిమందికి అంటుకోవడం మీ లోపమనుకున్నారు. మా పాల కేంద్రం దగ్గర పొద్దున్నే జరిగేదీ అదే, దాణా నిలిచేదీ పోయేదీ అక్కడే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా పాత మెదక్ జిల్లాలోనే, 2001 జూన్‌లో అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వ ప్రణాళిక విజన్ 2020 సహా, వ్యవసాయానికి మూడు రకాల భవిష్యత్తులను వీడియోల్లో చూపించి, ఎక్కువగా చిన్న సన్నకారు రైతులనే జ్యూరీగా కూర్చోబెట్టారు. సాక్షులను వాళ్లే ప్రశ్నించారు, తీర్పు వాళ్లే చెప్పారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. ఆ తీర్పు లండన్ దాకా వెళ్లి వాదోపవాదాలు రేపింది. అది మీ పని కాదని నాకు తెలుసు, మీది కంపెనీ పని. అయినా అక్కడ మాట్లాడినవాళ్లకు తమ మాట ఏమైందో తెలిసింది. ఇక్కడ కవరులో డబ్బులు పెట్టిచ్చి, సంతకం తీసుకుని వెళ్తారు. మాట మాత్రం తిరిగి రాదు.

ఈసారి వస్తే మధ్యాహ్నం రండి, రెండు పూటల పాలకు నడుమ. ఆడవాళ్లనే పిలుస్తాను, ఇంట్లోనే చాపలు పరుస్తాను. వచ్చేటప్పుడు పోయినసారి రిపోర్టు వెంట తెండి. ఆ దాణా సంగతి ఏమైందని పాల కేంద్రం దగ్గర నన్ను ఇంకా అడుగుతున్నారు.

ఇట్లు,
కుకునూరుపల్లిలో మీ కోసం మనుషులను పిలిచే మనిషి