మంచు మీద మొదటి రీలు

1946 చలికాలం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనే మంచుకొండ విడిది. రైళ్లకు ప్రయాణికులు కావాలని యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ 1936లో కట్టించింది దాన్ని. అరటిగెలలను ఓడల్లోకి చేరవేసే కొక్కేల ఏర్పాటు తెలిసిన రైల్వే ఇంజినీరు ఒకాయన, గెలల బదులు కుర్చీలు తగిలిస్తే మనుషులనూ కొండెక్కించవచ్చని లెక్క కట్టాడు. ప్రపంచంలో మొదటి చెయిర్‌లిఫ్ట్ అలా అక్కడే పుట్టింది. హాలీవుడ్ తారలు దిగే హోటలూ, హెమింగ్వే నవల రాసుకున్న గదీ అక్కడే.

ఆ వైభవం పక్కనే, కార్లు నిలిపే ఖాళీ స్థలంలో ఇద్దరు కుర్రాళ్లు మకాం పెట్టారు. వారెన్ మిల్లర్, వార్డ్ బేకర్. యుద్ధం అయిపోయి నేవీ నుంచి బయటపడ్డ మిల్లర్‌కు అప్పటికి ఇరవై రెండేళ్లు. కారు వెనక తగిలించుకుని లాక్కొచ్చిన చిన్న ట్రైలరే ఇల్లు. ఇద్దరు పక్కపక్కన పడుకుంటే మూడోవాడికి చోటుండదు. వంట చేయాలంటే బయటికొచ్చి వెనక తలుపెత్తి, మంచులో నిలబడాల్సిందే. కుందేళ్లను కొట్టి తెచ్చుకునేవాళ్లు. భోజనశాలలో ఊరికే దొరికే వేడినీళ్లలో ఊరికే దొరికే కెచప్ కలుపుకుని, బల్లమీది ఉప్పు బిస్కెట్లు నంజుకుని, సూపు తాగామనిపించుకునేవాళ్లు.

తిండికే అంత కటకటగా ఉన్నా వాళ్ల దగ్గరో సినిమా కెమెరా ఉంది. బెల్ అండ్ హోవెల్ 8 ఎంఎం. బేకర్ స్కీలు కట్టుకుని మంచు మీద జారుతూ కొండ దిగుతుంటే మిల్లర్ తీసేవాడు, మిల్లర్ దిగుతుంటే బేకర్. గురువును పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి ఆ కెమెరానే గురువును చేసుకున్నారు. స్కీయింగ్‌లో మన ఒళ్లు మనకే అబద్ధం చెబుతుంది. మోకాళ్లు బాగా వంచాననే అనుకుంటాం, చూసేవాళ్లకు మాత్రం నిలువునా బిగుసుకుపోయి కనిపిస్తాం. వాలు చూసి జంకిన మనిషి తనకు తెలియకుండానే వెనక్కి వాలతాడు. బరువు మడమల మీదికి పోతుంది, స్కీల ముందుకొనలు మాట వినడం మానేస్తాయి. ఎందుకు పడ్డాడో పడ్డవాడికి తెలియదు. ఫిల్ముకు తెలుసు. రాత్రి గోడ మీద తెల్లగుడ్డ కట్టి ఆడిస్తే, తప్పు ఎక్కడ మొదలైందో ఇద్దరికీ తెలిసిపోయేది.

ఆ రోజుల్లో తీయడమంటే మాటలు కాదు. కెమెరాకు బ్యాటరీ ఉండేది కాదు. పక్కనున్న తాళం తిప్పి స్ప్రింగు బిగిస్తే ఆడేది, స్ప్రింగు వదులైతే ఆగిపోయేది. మామూలు 8 ఎంఎం చుట్ట మొత్తం కలిపి నాలుగు నిమిషాలు. అందులోనూ సగం అయ్యాక కెమెరా తెరిచి చుట్టను తిరగేసి పెట్టాలి. ఎండ తగలకుండా ఒంటిని అడ్డం పెట్టుకుని, చేతి తొడుగులు తీసేసి, కొంకర్లు పోతున్న వేళ్లతో ఆ సన్నటి ఫిల్ము అంచును గాడిలో దూర్చాలి. అందుకే ముందే మాట్లాడుకోవాల్సి వచ్చేది: వాడు ఏ చెట్టు దగ్గర మలుపు తిరగాలి, వీడు ఎక్కడ నిలబడాలి, మీట ఎప్పుడు నొక్కాలి.

కింద నిలబడి సూటిగా తీస్తే ఎంతటి నిటారు వాలైనా చదునుగా పడుతుంది. పక్కకు జరిగి చెట్లను కూడా కలుపుకుంటే కొండ ఏటవాలు తెలుస్తుంది. మంచు తెలుపు చూసి వెలుతురు కొలిచే మీటరు మోసపోయి వెలుతురు తగ్గించేస్తుంది, మనిషి నల్లటి బొమ్మయిపోతాడు. దానికి కాస్త ఎక్కువ వెలుతురు ఇచ్చుకోవాలి. సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో ఉంటూ శనాదివారాలు కొండకెళ్లి ఫోన్లతో స్నేహితులను తీసే మన పిల్లలకు కూడా ఇవే పాఠాలు. ఇంకొకటి చేర్చాలనిపిస్తుంది నాకు: తీసింది ఎవరికైనా పంపే ముందు, తీయించుకున్నవాడితో కలిసి కూర్చుని ఒకసారి చూడండి. నేర్చుకోవడమంతా అక్కడే ఉంది.

గోడ మీద బొమ్మ ఆడుతుంటే మిగతా స్కీయర్లూ చేరేవాళ్లు. బొమ్మకు మాట లేదు, మిల్లర్ నోరు విప్పేవాడు. ఎవడు ఎలా దొర్లాడో, దొర్లబోయే ముందు ఏం గొప్పలు పోయాడో చెబుతుంటే జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. మూకీల కాలంలో మన టెంటు హాళ్లలో తెర పక్కన నిలబడి కథ విప్పి చెప్పిన వ్యాఖ్యాతల పనే అది. బొమ్మ కంటే ఆ మాటల కోసమే విందులకు పిలవడం మొదలైంది.

తర్వాత అతను స్కీయింగ్ నేర్పే ఉద్యోగంలో చేరాడు. శిష్యుల్లో చార్లెస్ పెర్సీ అనే ఆయన బెల్ అండ్ హోవెల్ కంపెనీకే అధ్యక్షుడు. ఆ పరిచయంతో 16 ఎంఎం కెమెరా అరువు దొరికింది, స్నేహితుల దగ్గర అప్పు పుట్టింది. 1950లో ‘డీప్ అండ్ లైట్’ అనే మొదటి సినిమా జనం ముందుకొచ్చింది. అక్కడి నుంచి ఏటా ఒక సినిమా. రీళ్లు పట్టుకుని ఏడాదికి వందకు పైగా ఊళ్లు తిరిగి, ప్రతి హాల్లోనూ తెర ముందు నిలబడి తనే మాట్లాడేవాడు. తర్వాతి కాలంలో ఆ గొంతును రికార్డు చేశారు. అమెరికా స్కీ కుటుంబాలకు శరదృతువులో ఆ గొంతు వినబడిందంటే చలికాలం వచ్చినట్టే. అప్పుడు పిల్లలుగా విన్నవాళ్లు తమ పిల్లలను చేయి పట్టుకుని తీసుకొచ్చారు.

1980ల చివర్లో వ్యాపారాన్ని కొడుక్కి అమ్మేశాడు. ఆ తర్వాత అది పెద్ద పెద్ద పత్రికా సంస్థల చేతుల్లోకి వెళ్లింది. కొన్నేళ్లకు కొత్త సినిమాలకు ఆయన మాట్లాడటం ఆగిపోయింది.

2009లో డెన్వర్‌కు చెందిన లెవెల్ 1 అనే చిన్న సంస్థ కుర్రాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లారు. స్నేహితుల స్కీయింగ్ తీస్తూ పైకొచ్చినవాళ్లే వాళ్లూ. ‘రిఫ్రెష్’ అనే తమ సినిమా కోసం ఆయన్ని కెమెరా ముందు కూర్చోబెట్టి మాట్లాడించారు. ఎనభై దాటిన పెద్దాయన, తన దారిలోనే నడుస్తున్న పిల్లలడిగితే ఎలా కాదంటాడు? మాట్లాడాడు.

సినిమా బయటికి రాగానే ఆ కుర్రాళ్ల మీద కోర్టులో దావా పడింది. ఆ పెద్దాయన పేరూ, రూపూ, గొంతూ వాడుకునే హక్కు తమకే ఉందనీ, తమ అనుమతి లేకుండా వాటిని వాడుకున్నారనీ ఫిర్యాదు.

ఫిర్యాదుదారు పేరు: వారెన్ మిల్లర్ ఎంటర్‌టైన్‌మెంట్.