ఆ బిళ్లలు ఆపేయమనే బాబాయ్ గారికి



మీ పేరు నాకు తెలియదు. కొన్ని ఇళ్లలో మీరు పెదనాన్న, కొన్ని ఇళ్లలో మేనత్త, ఇంకొన్నిచోట్ల పక్కింటి పెద్దమనిషి. నా ఓపీ గదిలో మాత్రం మీ మాట తరచూ వినిపిస్తుంది. బాగుపడి ఉద్యోగానికి వెళ్తున్న మనిషి ఆర్నెల్లకు మళ్లీ మొదటికొచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. మందులు ఎప్పుడు మానేశావని అడిగితే, "మా బాబాయ్ ఆపేయమన్నాడండీ" అంటాడు.

మీరు మంచివారు. ఆ ఇంటికి కష్టమొస్తే ముందు పరిగెత్తుకొచ్చేది మీరే, ఆస్పత్రి వరండాలో రాత్రంతా కాపలా ఉండేదీ మీరే. మీ మాటకు అంత విలువ ఉండబట్టే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. అక్క పెళ్లిలో బంతి భోజనాల దగ్గర సాంబారు వడ్డిస్తున్నాడు. గరిటె ఆకు మీదికి వచ్చేసరికి చెయ్యి సన్నగా వణికి, నాలుగు చుక్కలు ఎదుటివారి పంచె మీద పడ్డాయి. అది మీ కంట పడింది. బంతి లేచాక పక్కకు పిలిచి, ఏం వాడుతున్నావురా అని అడిగారు. బైపోలార్ అన్నారని, లిథియం వాడుతున్నానని చెప్పాడు. "చేతులు వణికిస్తున్నాయంటే అవి నరాల మీద పనిచేస్తున్నాయిరా. ఈ వయసులో నీకెందుకు? నవ్వుతూ తిరుగుతున్నావు కదా, ఆపెయ్" అన్నారు.

ఆపేశాడు. వారం తిరక్కముందే వణుకు పోయింది. నోరు ఎండిపోవడం, అస్తమానూ దాహం వేయడం తగ్గాయి. మూడు వారాలు చాలా బాగున్నాడు. బాబాయ్ చెప్పిందే నిజమని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆ తర్వాత నిద్ర తగ్గింది. రాత్రి రెండు గంటలు పడుకుని, తెల్లారకముందే లేచి ఫోన్లు చేయడం మొదలైంది. మాట వేగం పెరిగింది, చేతిలో డబ్బు నిలవలేదు. లోన్ యాప్‌లలో అప్పు తీసి స్నేహితులందరికీ బట్టలు కొన్నాడు. అడ్డం వచ్చిన తండ్రి మీద చెయ్యి చేసుకున్నాడు. ఆస్పత్రిలో చేర్చే వేళకు తల్లి నాతో అన్న మాట ఇది: "ఇన్నాళ్లూ వేసిన ఆ బిళ్లల వల్లే వీడి బుర్ర ఇలా అయిందండీ."

నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. మందు మానేసిన సుఖం రోజుల్లోనే కనబడుతుంది. జబ్బు తిరగబెట్టడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మధ్యలో ఉన్న ఆ మంచి రోజులే మీ సలహాకు సాక్ష్యం పలుకుతాయి. జబ్బు వచ్చేసరికి మీరు మీ ఊళ్లో ఉంటారు. నింద మానేసిన మందు మీద పడుతుంది. ఆ తల్లి మిమ్మల్ని ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

వణుకు గురించి మీరు పడ్డ బెంగ సరైనదే. లిథియంతో చేతులు వణకడం మాకు తెలిసిన ఇబ్బంది. మోతాదు కొంచెం తగ్గించి చూస్తాం, చాలకపోతే వణుకు తగ్గడానికి చిన్న మాత్ర ఇస్తాం. ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ రాశాడు. అప్పటినుంచి మందులు ఎన్ని వచ్చినా దీన్ని వాడుతూనే ఉన్నాం. దీనితో జాగ్రత్త కూడా ఎక్కువే. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1 మిల్లీమోల్ మధ్య ఉంటే మేలు చేస్తుంది, మరీ పెరిగితే విషమవుతుంది. అందుకే రక్తపరీక్షలు, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తాం. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, వణుకు ఒక్కసారిగా ఎక్కువైనా ఆలస్యం చేయకుండా మా దగ్గరికి తీసుకురావాలి. ఆ పంచె మీద చుక్కలు చూసిన రోజునే మీరు అబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చి ఉంటే, మోతాదు చూసి సరిచేసి పంపేవాణ్ని.

"అలవాటైపోతాయి" అని మీరు గట్టిగా నమ్ముతారు. నిజంగా అలవాటయ్యే మందులు ఉన్నాయి. ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు నెలల తరబడి సొంతంగా కొనుక్కుని మింగితే అలవాటవుతాయి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది అలాంటివే. 2015లో ఆ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అలవాటుపడ్డవాళ్లు ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో ఆస్పత్రులకు వరసకట్టారు. అలవాటంటే అది. డిప్రెషన్‌కు, బైపోలార్‌కు ఇచ్చే మందులతో అలా వాటికోసం అల్లాడే యావ ఉండదు, రోజురోజుకూ మోతాదు పెంచుకోవాలనే ఆరాటమూ ఉండదు. డిప్రెషన్ మందును ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండడం కొందరికి నిజంగానే జరుగుతుంది. అందుకే మెల్లగా తగ్గిస్తాం. ఆ మందు పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటాం, ఎందుకంటే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని మీరు అడిగేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

పెళ్లిళ్ల దగ్గర మీ సలహా ఇంకా బలంగా పనిచేస్తుంది. సంబంధం కుదిరింది, మగపెళ్లివారికి తెలిస్తే పరువు పోతుంది, నిశ్చితార్థానికి ముందే మానేయమ్మా అంటారు. మన పెళ్లిళ్లలో ముహూర్తం అర్ధరాత్రికో తెల్లవారుజాముకో పడుతుంది. అంతకుముందు రెండు మూడు రోజులు పెళ్లికూతురికి కంటి మీద కునుకుండదు. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర తెగిపోవడమే జబ్బును లేపడానికి చాలు. అదే వారంలో మందు కూడా ఆపిస్తే ఏమవుతుందో నేను చూశాను. పదహారు రోజుల పండుగ కాకముందే ఆ అమ్మాయిని పుట్టింటికి పంపేస్తారు. పెళ్లి అనుకున్నప్పుడే మాకు చెప్పండి. సోడియం వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. వాటిని ముందుగానే మార్చాల్సి ఉంటుంది. జబ్బు సంగతి అవతలివాళ్లకు ఎలా చెప్పాలో కూడా కూర్చుని మాట్లాడుకుందాం. దాచి చేసిన పెళ్లిలో ఆ అమ్మాయి మాత్ర వేసుకోవడానికి బాత్రూము తలుపు గడియ పెట్టుకోవాలి.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ మాత్రలన్నీ స్ట్రిప్పు నుంచి వొలిచి, పాత కాల్షియం డబ్బాలో పోసుకుంటుంది. స్ట్రిప్పు చూస్తే ఆడపడుచు పేరు చదివి ఫోనులో వెతుకుతుందని భయం. అన్నీ తెల్లటివే కావడంతో ఒక రాత్రి పొద్దుటి మాత్ర, మరో రాత్రి రెండేసి పడేవి. ఇప్పుడు రంగు తేడా ఉండే కంపెనీవి రాసిస్తున్నాను. ఒక వైద్యుడు ఇలాంటి వాటికి బుర్ర పెట్టాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేసింది. జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ 12లో లేవు. ఇక్కడ పరిస్థితి అంతకంటే మెరుగని అనుకోవడానికి నాకేమీ కనిపించడం లేదు. మానసిక వైద్యశాలలు ఉన్నందుకు ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న పేర్లనే తిట్లుగా వాడుకున్నాం మనం. అంత సిగ్గును దాటుకుని గడప తొక్కినవాళ్లు కొద్దిమంది. వాళ్లను మీరు వెనక్కి తీసుకెళ్లిపోతున్నారు.

మొక్కు ఉంటే తీర్చండి, గుళ్లో నిద్ర చేయించండి, తాయెత్తు కట్టించండి. నాకు అభ్యంతరం లేదు. గుజరాత్‌లో ఉనావా మీరా దాతార్ దర్గాకు వచ్చే రోగులకు ప్రార్థనతో పాటు మందులూ అక్కడే ఇచ్చే ఏర్పాటు నడిచింది. మాత్ర మాత్రం మానిపించకండి.

మా వైపు లోపం కూడా చెప్పాలి. రద్దీ ఓపీల్లో రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపిస్తే, ఏ మాత్ర దేనికో, ఎన్నాళ్లో, బరువు పెరుగుతారా, మత్తుగా ఉంటుందా అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. ఆ ఖాళీలోకి మీరు వస్తున్నారు. కాబట్టి ఈసారి రోగితో పాటు మీరూ లోపలికి రండి. మీ అనుమానాలన్నీ నన్నే అడగండి. బరువు పెరిగిందనండి, పగలంతా తూగుతున్నాడనండి, వేరే మందు లేదా అని గట్టిగా నిలదీయండి. ఆ ప్రశ్నలు చికిత్సకు పనికొస్తాయి. నా దగ్గరికి రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, రోజంతా పనిచేస్తుంది, ఖర్చు లేదు.

మందు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో రోగీ వైద్యుడూ కలిసి తేల్చుకోవాలి. దయచేసి ఆ ఒక్క నిర్ణయం వాళ్లకు వదిలేయండి.

ఇట్లు,
ఒక మానసిక వైద్యుడు