అడ్డతొవ్వ

2015లో బడి నుంచి రిటైరయ్యాక మా వైపు మాటలన్నీ ఒకచోట రాసిపెట్టాలని బుద్ధి పుట్టింది. ఇగురం, యాష్ట, పాలుమాలికె, కైకిలి, తొవ్వ. నాయనది నకిరేకల్ పక్క పల్లె, అమ్మది కొల్లాపూర్ దిక్కు. రెండు జిల్లాల భాష ఇంట్లోనే పోట్లాడుకునేది. మా అల్లుడు కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసిపెట్టి, "2003 నుంచి ఊరికే ఇస్తున్నరు మామా. ఏ మీట నొక్కితే ఏం జరగాల్నో మన ఇష్టమే" అన్నాడు. ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది.

సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ మ్యాపర్ అని ఓ పట్టిక ఉంటుంది. సోమవారం అందులోకి దిగినవాణ్ని బుధవారం బయటికొచ్చాను. ప్రతి మాట పక్కన అది ఏ జిల్లాదో రాయాలి కదా. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'నల్గొండ జిల్లా' అంటే ఖాళీతో కలిపి పద్నాలుగు మీటలు. మాక్రో రికార్డు చేసి కంట్రోల్ ఎన్‌కు కట్టేశాను. కంట్రోల్ ఎమ్ కొడితే మహబూబ్‌నగర్, అదే మన పాలమూరు. చౌరస్తాలో చాయ్ తాగుతూ పది మందికి చెప్పుకున్నాను కూడా.

2016 అక్టోబర్ 11, దసరా. ఆ రోజు నల్గొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది. సూర్యాపేట, వనపర్తి సర్దుకున్నాయి. యాదాద్రి భువనగిరి, జోగులాంబ గద్వాల పేర్లకైతే షార్ట్‌కట్ పెట్టకుంటే పాపం. చిక్కంతా ఎన్ దగ్గర. నల్గొండది ఎన్, నాగర్‌కర్నూల్‌దీ ఎన్. నాగర్‌కర్నూల్‌కు ఆల్ట్ కూడా కలిపి ఊపిరి పీల్చుకున్నానో లేదో, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. దానికి కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, ఎన్. ఆ నాలుగూ ఒక్కసారే నొక్కుతుంటే మా ఆవిడ చూసి, "ఇగో, సక్కటి తొవ్వ ఉండంగ గీ అడ్డతొవ్వ దేనికి? ఏళ్లు ఇరుగుతయి" అంది.

గుర్తుల సంగతి వేరు. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక పెట్టి, మేతకు ఈతాకు ముక్కలు వేసి, పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసేవాళ్లం. పిల్లలు పెట్టలేదు గానీ పెట్టిన పేజీలోనే ఉండేది. ఎడిటర్లో కంట్రోల్ ఎఫ్2 కొడితే వరుస పక్కన గుండ్రటి బుక్‌మార్క్ పడుతుంది. ఎఫ్2 కొడుతూ పోతే ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు దూకుతాం. నల్గొండదా, పాలమూరుదా అని అనుమానమున్న ప్రతి మాటకూ గుర్తు పెట్టాను. నూటికి పైనే తేలాయి. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్లో ఎమ్ కొట్టి ఏదో ఒక చిన్న అక్షరం కొడితే గుర్తు. అంటే ఫైలుకు 26 గుర్తులు, అంతే. ఆ పిసినారితనంలో ఇగురం ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకంటే, ఎప్పుడైనా పనికొస్తుందని 'బుక్‌మార్కులన్నీ తీసెయ్' అనే ఆజ్ఞను ఎఫ్3కి కట్టాను. ఎఫ్3 అసలు పని వెతికిన మాటను ముందుకు వెతకడం. కట్టింది నేనే గానీ ఆ ముచ్చట వేలుకు చెప్పలేదు. 'యాష్ట' ఇంకెక్కడుందో వెతుకుదామని పాత అలవాటున ఎఫ్3 కొట్టాను. నూటికి పైనున్న గుర్తులు ఒక్క దెబ్బకు పోయాయి. కంట్రోల్ జెడ్ కొట్టాను. అది అంతకుముందు రాసిన మాటను కూడా తీసుకుపోయింది గానీ గుర్తులు తేలేదు.

అదే వారం బిడ్డ వచ్చింది. ఏదో రాసుకోవాలని కొత్త ఫైలు కోసం కంట్రోల్ ఎన్ కొట్టింది. 'నల్గొండ జిల్లా' అని పడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ నల్గొండ జిల్లా. ఏడోసారికి చేతులెత్తేసి, "నాయనా, ఇది కంప్యూటరా, కలెక్టరాఫీసా?" అంది. సాయంత్రం దాకా కూర్చుని మీటలన్నీ ఎప్పటి లెక్కనే పెట్టి పోయింది. ఇప్పుడు పద్నాలుగు మీటలూ కొడుతున్నాను. నిజం చెప్పొద్దూ, కొంచెం హాయిగానే ఉంది.

పోయిన అనుమానాల్లో నాకు గుర్తున్నది ఒక్క యాష్టే. అది మాదా, పాలమూరోళ్లదా, ఇద్దరిదీనా? తెలిసినవాళ్లు ఒక కార్డు ముక్క రాయండి. జిల్లా పేరు మాత్రం పూర్తిగా రాయండి.