పరదేశంలో బావగారి లాడ్జి

మా తోడల్లుడు సింగపూర్ వెళ్ళొచ్చినప్పటి నుంచి మా ఇంట్లో శాంతి లేదు. అక్కడ ఆయన దిగింది లిటిల్ ఇండియాలో, చవక హోటల్లోనేనట. గదికి కిటికీ లేదట. కిటికీ ఉన్న గదికి రేటు వేరేనట. మంచానికీ గోడకీ మధ్య ఆయన పొట్ట పట్టక పక్కకి తిరిగి నడిచాడట. ఈ కష్టాలన్నీ ఎంత గొప్పగా చెప్పాడంటే, ప్రతి గదికీ రెండేసి కిటికీలున్న ఇంట్లో కాపురం చేస్తున్నందుకు మా ఆవిడకి తలకొట్టేసినట్టయింది.

"మనం కూడా ఏదో ఒక దేశం వెళ్దామండీ" అంది.

నా పీఎఫ్ ఖాతాకేసి ఓసారి చూసుకుని కోరాపుట్‌కి టికెట్లు తీశాను. విదేశానికుండే లక్షణాలన్నీ దానికున్నాయి. లిపి వేరు, ముఖ్యమంత్రి వేరు, బోర్డు చదివితే ఒక్క ముక్క అర్థం కాదు. పైగా అక్కడ మన నోట్లే చెల్లుతాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అదంతా మన విశాఖపట్నం జిల్లాయే. మా తాతగారికి సొంత జిల్లా అయిన ఊరు నా వంతు వచ్చేసరికి పరాయిది కావడం నా అదృష్టం. లేకపోతే ఇంకా దూరం పోవాల్సొచ్చేది, ఛార్జీలు ఎక్కువయ్యేవి.

కొత్తవలసలో రాత్రి బండెక్కాం. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని జపానుకి ఎగుమతి చెయ్యడానికి 1960ల్లో వేసిన లైనది. ఖనిజం నిజంగానే విదేశం వెళ్ళింది. మేం కోరాపుట్‌లో దిగిపోయాం. అరకు దారిలో సొరంగాలు చూపిస్తానని మా ఆవిడకి మాటిచ్చాను గానీ, రాత్రి బండిలో కిటికీ దగ్గర కూర్చుంటే దారి మొత్తం ఒకటే సొరంగం.

తెల్లవారుజామున మూడింటికి లాడ్జి చేరాం. కౌంటరు మీద లెడ్జరంత రిజిస్టరు. దారానికి కట్టిన బాల్‌పెన్ను. పేరు, ఊరు, ఎక్కణ్ణుంచి రాక, ఎక్కడికి పోక, వచ్చిన పని. జాతీయత అన్న గడి దగ్గర కాసేపు ఆగాను. 'ఇండియన్' అని రాయడానికి మనసు రాలేదు. అంత ఖర్చు పెట్టుకుని వచ్చాం కదా.

మేనేజరు ఒడియా ఆయన. చాలా మర్యాదస్తుడు. ఏం చెప్పినా "ఆజ్ఞా" అని తలూపేవాడు. గీజరు మాత్రం ఎవరి ఆజ్ఞా వినే రకం కాదు. దాని స్విచ్చి మా గదిలో లేదు, కింద ఆయన కుర్చీ వెనక ఉంది. వేణ్ణీళ్ళు కావాలంటే మెట్ల దాకా వచ్చి కేకెయ్యాలి. ఆయన స్విచ్చి వేస్తాడు. నీళ్ళు కాగాయో లేదో మేం చూసి మళ్ళీ కేకెయ్యాలి. ఇంటి దగ్గర బట్టీ పట్టి తెచ్చుకున్న "గరమ్ పాణి అఛి కి?" అన్న ఒక్క వాక్యం మూడో అంతస్తు నుంచి తెగ వాడాను. అచ్చం విదేశంలో ఉన్నట్టే ఉంది. చన్నీళ్ళ గురించి, నాఫ్తలీన్ ఉండల వాసనేసే రగ్గు గురించి, లైటు వేస్తే తిరిగి లైటు ఆపితే ఆగే ఫ్యాను గురించి వచ్చీరాని హిందీలో తనివితీరా పోట్లాడాను. కోరాపుట్ చలిలో ఆ ఫ్యాను కింద పేపరు చదవాలంటే గుండె ధైర్యం కావాలి. మనమెవరో తెలియని చోట గొంతు ఎంత బాగా లేస్తుందో!

అన్నట్టు, లాడ్జి గోడ మీద 'చెకౌట్ 24 గంటలు' అని రాసుంది. పన్నెండింటికే బయటికి తోసే హోటళ్ళకంటే ఎంత నయమో అని మా ఆవిడతో మెచ్చుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి తలుపు తట్టారు. ఇంకో రోజు ఉంటారా, ఖాళీ చేస్తారా అని అడగడానికి.

ఊరు చూశాం లెండి. కొండ మీది శబర శ్రీక్షేత్రంలో జగన్నాథుణ్ణి, 1672 మీటర్ల దేవమాలి శిఖరాన్ని, దాని మీద గాలినీ. బజార్లో మండియా పేజ్ అంటే ఏదో కొత్త వంటకమని ఆశపడి తాగితే, అది మా ఇంట్లో నాకు షుగర్ వచ్చిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే పోసే చోళ్ళ అంబలే. అయినా ఫొటో తీసి తోడల్లుడికి పంపాం.

తిరుగు ప్రయాణం రాయగడ మీదుగా పెట్టుకున్నాం. అక్కడ లాడ్జిలో అడుగుపెట్టి, ఛాతీ విరుచుకుని "గరమ్ పాణి..." అని ఎత్తుకున్నానో లేదో, కౌంటరులో ఆయన కళ్ళజోడు పైకెత్తి "వేన్నీలకేటండీ, బకెట్టు పంపిత్తాను గానీ, ముందు కూకోండి. ఏ ఊరు మీది?" అన్నాడు.

విజయనగరం అన్నాను.

"విజీనారంలో ఎవరింటోల్లు?"

పది నిమిషాల్లో మా మేనత్త అత్తవారి ఊరు బయటికొచ్చింది. ఇంకో రెండు నిమిషాల్లో నేనాయనకి బావనయ్యాను. మా ఆవిడ చెల్లెమ్మ అయిపోయి లోపలికి టీ తాగడానికి వెళ్ళింది. రిజిస్టరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. గదిలో దిండు రాయిలా ఉంది. దుప్పటి మీద పాత సాంబారు మరక. బాత్రూమ్ గడియ పడదు, తలుపుకి బకెట్టు అడ్డం పెట్టుకోవాలి. బకెట్టు తలుపుకి అడ్డం పెడితే స్నానానికి బకెట్టుండదు. కోరాపుట్‌లో అయితే దీనికి మెట్ల మీద నిలబడి అరగంట అరుద్దును. బావగారితో ఏమనగలం? అయినా తెగించి దిండు మాటెత్తాను.

"పిల్లలేటి చదివేరు బావా?" అన్నాడాయన.

మావాడు ఆంధ్ర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ అన్నాను.

"మా మారాజుగారి డబ్బులే!" అన్నాడు సంతోషంగా. నిజమే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చేవారు. రాయగడ ఆ సంస్థానంలోదే. మావాడి చదువు భారం అంతటిది ఆ నేల మోసినట్టు తేలాక దిండు గురించి మాట్లాడ్డానికి నోరెలా వస్తుంది? తల కింద తువ్వాలు మడిచి పెట్టుకున్నాను.

పొద్దున్నే మజ్జి గౌరమ్మ దర్శనానికి ఆయనే ఆటో మాట్లాడిపెట్టాడు. టిఫిన్ కొట్లో ఇడ్లీలవాడు తెలుగు, ఆటోవాడు తెలుగు. గుళ్ళో మా వెనక నిలబడ్డావిడ పార్వతీపురం నుంచి వచ్చి, పప్పు ధరల గురించి మా ఆవిడతో చెప్పుకుంటోంది. చివరికి ఊరి పక్కనున్న ఏరుకూడా నాగావళే. ఎంత పారినా చివరికి శ్రీకాకుళమే పోతుంది.

బిల్లు కట్టేటప్పుడు బావగారు టీ డబ్బులు ముట్టుకోలేదు. "ఇంటికొచ్చినోల్ల దగ్గిర టీకి డబ్బులేటి!" అని కోప్పడ్డాడు. గదికి ఎనిమిది వందలు, బకెట్టుకి ఇరవై చొప్పున వేణ్ణీళ్ళకి వేరే తీసుకుని, నా చేతిలో ఒక గోనెసంచీ పెట్టాడు. లోపల పనసకాయ. బొబ్బిలి స్టేషన్లో వాళ్ళ చెల్లెలొచ్చి తీసుకుంటుందట.

బొబ్బిలిలో బండి ఆగీ ఆగకముందే ఆవిడ మా బోగీ వెతుక్కుంటూ వచ్చింది. సంచీ అందుకుని, కిటికీ దగ్గరే నిలబడి యోగక్షేమాలన్నీ అడిగింది. బండి కదులుతుండగా, "మా అన్నయ్య గదికెంత తీసుకున్నాడండీ?" అంది.

చెప్పాను.

"అయ్యో, మనోల్లకి నాలుగొందలేనండీ!" అంది బండి వెంట నడుస్తూ. "ఎనిమిదొందలు ఫారినోల్లకి!"

మా ఆవిడ వెంటనే తోడల్లుడికి ఫోన్ కలిపింది.